బోర్డు మీద అమ్మోరికి అనుపు

జుట్టింకా నెరవలేదు గనక ‘ఆ రోజుల్లో’ అనే మాట వాడే అర్హత నాకు లేదంటుంది మా అమ్మ. ఆవిడ లెక్కలో ఆ రోజులంటే చోడవరం నుంచి అనకాపల్లికి బెల్లం బళ్ళ మీద కూర్చుని వెళ్ళిన రోజులు. నా లెక్కలో మాత్రం ఆ రోజులంటే, ఫోను తెర మీద ఒక బొమ్మని వేలితో ఇటు నుంచి అటు జరిపితే లోకంలో మనిషి కూడా అలాగే జరుగుతాడని నేను గట్టిగా నమ్మిన రోజులు. డిగ్రీ పూర్తయి, మా ఊళ్ళోనే ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనరుగా చేరాను. డిజైనరంటే మరేదో అనుకోకండి. పుట్టినరోజు ఫ్లెక్సీలో పిల్లాడి చుట్టూ మెరుపులు పెట్టడం, పెళ్ళి ఫ్లెక్సీలో మేనమామల తలలన్నీ ఒకే సైజులో పేర్చడం, అంతే. (ఒక మేనమామ తల గోరంత చిన్నదయినందుకు ఆయన పెళ్ళిలో భోజనం చెయ్యకుండా వెళ్ళిపోయాడు. తప్పు నాది కాదు, ఆయన తలదే.) అయినా ఇంట్లో నన్ను పెద్ద ఆర్టిస్టులాగే చూసేవారు. నేనూ అలాగే నడిచేదాన్ని.

ఆ షాపులో ఉండగానే నా ఫోనులోకి ఒక యాప్ వచ్చింది. తెల్లటి బల్లలాంటి తెర, దానికి బోర్డని పేరు, అంతే దాని సంగతి. దాని మీద ఫోటోలు అతికించుకోవచ్చు, పక్కన రెండు ముక్కలు రాసుకోవచ్చు, గళ్ళు కట్టుకోవచ్చు, ఒకదాన్నుంచి ఇంకోదానికి బాణం గీసుకోవచ్చు. నచ్చకపోతే వేలితో పట్టి ఈడ్చి ఇంకోచోట పెట్టొచ్చు. కొత్తగా ఏదైనా తయారుచెయ్యాలనుకునేవాళ్ళు బుర్రలో ఉన్నదంతా ముందుగా పరుచుకుని చూసుకోడానికి చేశారట. నేను మొదట ఫ్లెక్సీలకి వాడాను. అది చాలక, మా అమ్మ వంకాయ కూర ఎలా వండుతుందో ఫోటోలూ బాణాలూ పెట్టి ఆవిడకే చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, “ఇందల ఉప్పేదే?” అంది. కళాకారులకి ఇంట్లో దొరికే ఆదరణ ఎప్పుడూ ఇంతే.

మా వీధిలో అందరూ చెరుకు వేసేవాళ్ళు, కాకపోతే చెరుకు వేసేవాళ్ళ పిల్లలు. ఏడాదికోసారి అమ్మవారి పండగకి ప్రతి వీధీ ఒక ట్రాక్టరు తొట్టిని అలంకరించి, దేవుళ్ళ వేషాలు వేసిన మనుషుల్ని దాని మీద నిలబెట్టి ఊరేగిస్తుంది. నిలబెట్టడమంటే నిజంగా నిలబెట్టడమే. తొట్టి కదలాలి గాని వేషం కదలకూడదు. రెప్ప వెయ్యడానికి మాత్రం అనుమతుంది. బండి ఏ ఇంటి ముందు ఆగితే ఆ ఇంటివాళ్ళు బిందెతో పసుపు నీళ్ళు తెచ్చి అమ్మవారి వేషం కాళ్ళ మీద పోసి, హారతిచ్చి, దండం పెడతారు. పైన ఉన్న మనిషి నిన్నటిదాకా గట్టు తగువులో తమని తిట్టినవాడే అయినా సరే, ఆ సాయంత్రం అమ్మవారే. ఇందులో నటన గాని నమ్మినట్టు నటించడం గాని ఏమీ లేదు.

మా వీధికి అమ్మవారు మా పెదనాన్న. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయనే. మిగతా ఏడాదంతా ఆయన మాట ఇంట్లో దూడ కూడా వినేది కాదు. ఆయన “ఇదిగో” అంటే ఆయన భార్య, మా దొడ్డమ్మ, “ఊఁ, సాల్లే” అనేది. ఫ్యాక్టరీ దగ్గర చెరుకు బళ్ళ వరసలో ఎవరు తన ముందు దూరిపోయినా “పోన్లే బాబూ” అనుకుని నిలబడే రకం. అలాంటి మనిషి మొహానికి పసుపు రంగు పూసుకుని, నుదుట రూపాయంత బొట్టు, ముక్కుకి నత్తు, ఒంటికి దొడ్డమ్మ పెళ్ళినాటి ఎర్రచీర, వెనకాల ప్లైవుడ్డుతో చేసిన చేతులు, తన సొంత చేతిలో త్రిశూలంతో తొట్టి మీద నిలబడితే ఏడుస్తున్న పిల్లలు ఏడుపు ఆపేసేవారు. ఏడాదంతా ఆయన్ని కసిరే దొడ్డమ్మ ఆ ఒక్క సాయంత్రం ఆయన కాళ్ళకి తల ఆనించి, “తల్లీ, మమ్మల్ని సల్లగా సూడు” అని నిజంగా ఏడ్చేది. ఆయన కిందున్న భార్యని చూడకుండా ఎక్కడో దూరానికి చూసేవాడు. ఆ సాయంత్రం కోసమే ఆయన మిగతా ఏడాదంతా మోస్తున్నాడని నాకు అప్పుడే అనిపించేది.

నేను షాపులో చేరడానికి ముందు ఏడు, పండగలో ఒక కష్టం వచ్చిపడింది. బజారు మలుపులో ట్రాక్టరు ఒక గోతిలో దిగి లేచింది. అమ్మవారు ముందుకి తూలి, ఆయన మోకాలు తొట్టి అంచుకి కొట్టుకుంది. ఆయన కూర్చోలేదు. ‘అబ్బా’ అని కూడా అనలేదు. ఊరేగింపు పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. దిగాక మాత్రం మనుషులు మోసుకెళ్ళాల్సి వచ్చింది. ఎక్కువసేపు నిలబడకూడదని అనకాపల్లిలో డాక్టరు గారు చెప్పారు. పైగా అప్పటికే ఆయనకి కుడిచెయ్యి వణుకు మొదలైంది. ఇంకోసారి తొట్టి మీంచి పడితే మళ్ళీ లేవడని మా అందరికీ భయం. ఆయన మాత్రం “పడితే అమ్మోరి ఒళ్ళోనే గదా పడతాను” అని నవ్వేసేవాడు. నేను షాపులో చేరిన ఏడు పండగకి ఆయన్ని ఎలాగైనా ఆపాలి. కానీ ఆ మనిషిని బతికించుకోవాలంటే ఆ మనిషికున్న ఒకే ఒక్క సంతోషాన్ని లాక్కోవాలి. ఆ మాట ఆయన మొహం మీద ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేదు. పండగ దగ్గర పడుతున్నకొద్దీ అందరూ ఆయన ఎదురుపడితే మొహమాటంగా నవ్వడం ఎక్కువ చేశారు.

మా పండగ కమిటీకి ప్రెసిడెంటు మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు. గొంతు మైకు అక్కర్లేనంత పెద్దది. ధైర్యం దానికి తగ్గట్టు లేదు, పాపం. ఆయన నా యాప్ చూసి ముచ్చటపడి, ఈ ఏటి వేషాల బండి మొత్తం దీని మీదే కట్టాలని తీర్మానం చేశాడు. నేను పొంగిపోయాను. వేషానికో గడి చొప్పున గీశాను. అమ్మవారు, విఘ్నేశ్వరుడు, పోతురాజు, నారదుడు, సింహం. ఎవరు ఏ వేషం వేస్తారో ఆ గడిలో వాళ్ళ ఫోటో. పక్కన ఏ రంగు బట్ట, ఏ పూలు, ఏ దీపాలు. వీధిలో అందరి ఫోన్లకీ లింకు పంపాను. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా జరపొచ్చు. అదే నేను చేసిన తెలివైన పని. దాంతో మా వీధిలో నోటితో తగువులు ఆగిపోయి వేలితో మొదలయ్యాయి. రాత్రి నారదుడుగా పడుకున్నవాడు పొద్దున్న సింహంగా లేచేవాడు. సింహంగా ఉండవలసినవాడు మధ్యాహ్నానికల్లా విఘ్నేశ్వరుడి గడిలో కూర్చునేవాడు. బోర్డు మీద ఏ మార్పు జరిగినా అందరి ఫోన్లూ టింగుమంటాయి గాని, ఎవరు జరిపారో మాత్రం అది చెప్పదు. ఎదురుపడితే అందరూ “బాగున్నావా బాబూ” అనుకునేవారు. అమ్మవారి గడిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఆ గడిలో నేను పెట్టిన ఫోటో గురించి చెప్పాలి. మిగతా అందరివీ మామూలు ఫోటోలు, లుంగీలవీ బనీన్లవీ. పెదనాన్నకి మాత్రం మామూలు ఫోటో దొరకలేదు. ఆయన్ని మామూలుగా ఉండగా ఎవరూ ఫోటో తియ్యలేదు మరి. అందుకని వెనకటి పండగలో నిండు వేషంలో ఉన్న ఫోటో పెట్టాను. పసుపు మొహం, నత్తు, త్రిశూలం, చుట్టూ దీపాలు. చాలా బాగా వచ్చిన ఫోటో. ఎంత బాగా అంటే, పండగయ్యాక ఆ ఫోటో ఉన్న ఫ్లెక్సీల్లోంచి అమ్మవారిని కోసుకెళ్ళి సగం ఇళ్ళవాళ్ళు దేవుడి మూలలో పెట్టుకున్నారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించలేదు. అప్పట్లో ఆలోచించే పని యాప్ చేస్తుందని నా అభిప్రాయం.

ఒక సాయంత్రం నేను పెదనాన్నగారింటి అరుగు మీద కూర్చుని ఉండగా, మావయ్య గోడ పక్కనుంచి నన్ను సైగ చేసి పిలిచాడు.

“ఒసే గుంటా, ఆ బోర్డు మీద మీ పెదనాన్న ఫోటో తీసీసి ఆటోగాడి ఫోటో ఎట్టీయే. బావే సూసి తెలుసుకుంటాడు. మనం నోటితో సెప్పక్కర్నేదు గదా.”

ఆటోగాడంటే మా చిన్నాన్న కొడుకు, నాకు అన్న. చోడవరం నుంచి రావికమతానికి సర్వీసు ఆటో నడిపేవాడు. వయసులో ఉన్నవాడు, ఎంతసేపైనా నిలబడగలడు.

“నువ్వే సెప్పొచ్చు గదా మావయ్యా?” అన్నాను.

“నాను సెప్తే బాధపడతాడే. బోర్డు సెప్తే బోర్డు సెప్పినట్టుంటాది.”

అప్పుడు నాకు అది మహా నాజూకైన ఉపాయంలా తోచింది. అరుగు మీదకొచ్చి కూర్చుని ఆటో అన్న ఫోటోని అమ్మవారి గడిలోకి ఈడ్చాను. నల్లకళ్ళద్దాలు, మెలితిప్పిన మీసం, ఆటోకి ఆనుకుని ఒక కాలు మడిచి నిలబడ్డ ఫోటో. తర్వాత పెదనాన్న ఫోటోని పట్టుకుని బయటికి తీశాను. తీశాను గాని ఎక్కడ పెట్టను? గళ్ళన్నీ నిండిపోయాయి. కింద మూలన ఒక చిన్న బొమ్మ ఉంది, అక్కడ వదిలితే బోర్డు శుభ్రంగా ఉంటుంది. వదిలాను. వీధిలో ఉన్న ఫోన్లన్నీ టింగుమన్నాయి.

ఆ మూలనున్న బొమ్మ చెత్తబుట్ట.

“ఓలమ్మో! ఓలమ్మో! అమ్మోర్ని సెత్తబుట్టలో ఏసీసిందర్రా ఈ గుంట!” అని లోపల్నుంచి దొడ్డమ్మ కేక వినబడింది. (ఎవరు చేశారో యాప్ చెప్పదు గాని, ఆ వేళకి అరుగు మీద ఫోను పట్టుకుని కూర్చున్నది నేనొక్కదాన్నే.) ఆవిడ పొయ్యి మీద పాలు వదిలేసి ఫోను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని వీధిలోకి వచ్చింది. నిజమే, తెర మీద చిన్న చెత్తబుట్ట, అందులోకి త్రిశూలంతో సహా తలకిందులుగా దిగిపోతున్న అమ్మవారు. నిమిషంలో వీధంతా పోగయింది. ప్రతివాళ్ళ చేతిలోనూ ఫోను, ప్రతి ఫోనులోనూ అదే దృశ్యం.

నేను చదువుకున్నదాన్ని గనక తర్కం మొదలుపెట్టాను. అది అమ్మవారు కాదు, పెదనాన్న ఫోటో అన్నాను.

“పెదనాన్నయితే ఆ నత్తేటి?” అంది పక్కింటావిడ.

“అది వేషం గదా అత్తా.”

“మరి మా దేవుడి మూల ఉన్నదెవరే? పొద్దున్నే నాను దీపం ఎట్టింది మీ పెదనాన్నకా?”

వెనకాల ఎవరో పోయినేడు అమ్మవారికి కోపమొచ్చి ఎవరి గేదె చచ్చిపోయిందో చెప్పడం మొదలుపెట్టారు. మా అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ప్రెసిడెంటు మావయ్య ఏమీ ఎరగనట్టు కొబ్బరిచెట్టులో కాయలు లెక్కపెడుతున్నాడు.

అంతలో పెదనాన్న పొలం నుంచి వచ్చాడు. నెత్తి మీద గేదెలకి చెరుకాకు మోపు. మోపు దింపి, ఏమయిందని అడిగి, దొడ్డమ్మ చేతిలో ఫోను తీసుకుని చూశాడు. నన్ను తిడతాడనుకున్నాను. ఆయన గొంతు తగ్గించి, “గుంటా, ఆ బుట్టలోంచి పైకి తియ్యగలవేటే?” అన్నాడు.

“తియ్యగలను పెదనాన్నా.”

“తియ్యి. బేగి తియ్యి.”

తీశాను. బుట్టలోంచి తీస్తే వస్తువు ఎక్కణ్ణుంచి వెళ్ళిందో అక్కడికే వెళ్ళడం ఆ యాప్ గుణం. అమ్మవారు తన గడిలోకి వెళ్ళి నిలబడింది. అందరూ లెంపలేసుకున్నారు. కానీ ఆ గడి ఇప్పుడు ఖాళీగా లేదు. అమ్మవారి పాదాల దగ్గర నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఆటో అన్న, ఆటోతో సహా ఉన్నాడు. పెదనాన్న ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి ఒక్కొక్కరినీ చూశాడు. ఆటో అన్న నాకేం తెలీదన్నట్టు చేతులు ఊపాడు. కొబ్బరికాయలు లెక్కపెట్టడం కూడా ఆగిపోయింది.

“ఇదా సంగతి,” అన్నాడు పెదనాన్న. “నన్ను దిగమని సెప్పడానికి ఇంతమందికి ఒక్క నోరు నేకపోనాదేటర్రా?”

ఫోన్లన్నీ జేబుల్లోకీ కొంగుల్లోకీ వెళ్ళిపోయాయి.

“బాదుండదా అంటే ఉంటాది. నాకు ఆ పూట తప్ప ఇంకేటుంది? అయినా నోటితో సెప్తే ఇంటాను గదా. మీ మాట ఎప్పుడు ఇన్నేదు నాను?” అని మోపు మళ్ళీ నెత్తికెత్తుకుని దొడ్లోకి వెళ్ళిపోయాడు. నాకు భూమిలోకి కూరుకుపోదామనిపించింది. ఏడ్చాను కూడా. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని దొడ్డమ్మ చెప్పింది. ఆవిడా తినలేదని ఆవిడ చెప్పలేదు, మొహం చెప్పింది.

మర్నాడు పొద్దున్న నేను షాపుకి బయల్దేరుతుంటే పెదనాన్న మా గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని మొహం తేటగా ఉంది.

“గుంటా, ఒక మాట సెప్పు. ఆటోగాడు పాపం ఆ తల్లి కాళ్ళ కాడ ఎన్నాళ్ళని ఉంటాడు? ఆ గడి ఆడికి కాళీ సెయ్యాల. కానీ అమ్మోర్ని బుట్టలో ఎయ్యకూడదు. ఇంకెక్కడికైనా అంపడానికి దారుందేటి అందల?”

ఇంకో బోర్డు తెరిచి అందులోకి పంపొచ్చన్నాను.

“దానికి పేరెట్టొచ్చా?”

“ఎట్టొచ్చు.”

“అయితే పొలిమేర అని ఎట్టు. అనుపు సేసీద్దాం.”

అనుపు అంటే మా వైపు పండగ చివర అమ్మవారిని సాగనంపడం. ఆహ్వానించి తెచ్చుకున్న తల్లిని ఊరికే వదిలెయ్యకూడదు. డప్పులతో, పసుపు నీళ్ళతో ఊరి పొలిమేర దాకా తీసుకెళ్ళి, మళ్ళీ రమ్మని చెప్పి పంపాలి. పండగ రాకముందే అనుపేమిటని పెద్దలు కొందరు తప్పుపట్టారు. దొడ్డమ్మ వాళ్ళ నోరు మూయించింది. “పాత గటాన్ని అనిపితే గదా కొత్త గటం వచ్చేది,” అంది. (ఘటమంటే అమ్మవారిని నిలిపే కుండ. ఇక్కడ కుండ మా పెదనాన్న.) పెదనాన్న పక్షాన ఆవిడ మాట్లాడగా నేను వినడం అదే మొదలు. ఆయన కూడా తిరిగి చూశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం నా ఫోనుకి అనుపు జరిగింది. మీరు నవ్వకండి. నేనూ నవ్వలేదు. ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, తమలపాకులు పరిచి, దాని మీద నా ఫోను పెట్టారు. నెల జీతమంతా పోసి కొనుక్కున్న ఫోను. తెర మీద అమ్మవారు. దొడ్డమ్మ బొట్టు పెట్టింది. కెమెరా కన్ను మీద పెట్టింది, పోన్లెండి. పసుపు నీళ్ళు చల్లబోతుంటే మాత్రం నేను అడ్డుపడి ఫోనుకి ప్లాస్టిక్ కవరు తొడిగాను. “అమ్మోరికి వానకోటేటే?” అన్నారు ఎవరో. పళ్ళెం పెదనాన్న నెత్తిన పెట్టుకున్నాడు. ముందు డప్పులు, వెనక వీధి. దారిలో బస్సు ఆపుకుని దిగినవాళ్ళు ఏ అమ్మవారో తెలీకపోయినా దండం పెట్టారు. వడ్డాది వెళ్ళే రోడ్డు మీద మా ఊరి పొలిమేరలో చిన్న కల్వర్టు ఉంది, చుట్టూ చెరుకు తోటలు. అక్కడ పళ్ళెం దింపారు. కొబ్బరికాయ కొట్టారు. ప్రెసిడెంటు మావయ్య “ఊఁ, కానీ” అన్నాడు. నేను వేలితో అమ్మవారిని పట్టి ‘పొలిమేర’ బోర్డులోకి జరిపాను.

అమ్మవారు కదల్లేదు. మధ్యలో ఒక చక్రం తిరుగుతూ కూర్చుంది.

ఆ చెరుకు తోటల మధ్య సిగ్నలు రాదని నాకు తెలిసుండాలి. మళ్ళీ జరిపాను. మళ్ళీ చక్రం. డప్పులు ఆగిపోయాయి. “ఎల్లనంటంది,” అన్నారు ఎవరో. “అమ్మకి ఎల్లాలని నేదర్రా,” అంది ఇంకొకావిడ కళ్ళు తుడుచుకుంటూ. మావయ్య ఫోను తీసుకుని కల్వర్టు గోడెక్కి ఆకాశంలోకి చూపించాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఆటో అన్న మొహం పాలిపోయింది. “ఆ తల్లికి నాను ఇష్టం నేదు పెదనానా. నాకొద్దీ యేసం,” అని నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఇంకాసేపుంటే అనుపు రద్దయి అందరూ వెనక్కి తిరిగేవారు, పెదనాన్న మళ్ళీ తొట్టి ఎక్కేవాడు. ఆయన ఊఁ అంటే చాలు. ఆ క్షణంలో ఎవరూ కాదనేవారు కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

పెదనాన్న మావయ్య చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. రెండు చేతులా పట్టుకున్నా అది వణుకుతోంది. పసుపు పూసిన తన మొహాన్నే తను చూస్తూ, చంటిపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“ఎల్లవే తల్లీ. ఇన్నేళ్ళు నా ఒంట్లో ఉన్నావు, నానేటైనా తక్కువ సేసేనా? ఇప్పుడు ఈ కాళ్ళు నిన్ను మొయ్యలేకపోతన్నాయి. పడేస్తానేమోనని బయ్యంగా ఉంది నాకు. నాను పడితే పర్లేదు, నిన్ను పడేస్తే ఎలాగ? కుర్రోడు గట్టోడు, బాగా సూసుకుంటాడు. ఎల్లు.”

దొడ్డమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. చక్రం ఇంకాస్త తిరిగి ఆగింది. అమ్మవారు వెళ్ళిపోయింది. గడిలో ఆటో అన్న ఒక్కడే మిగిలాడు. (గాలి మారి ఎక్కడి నుంచో ఒక గీత సిగ్నలు వచ్చిందని నాకు తెలుసు. తెలిసే దండం పెట్టాను.) డప్పులు మళ్ళీ అందుకున్నాయి. పెదనాన్న ఫోను నా చేతికిచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, “కవరు తీసీయే, ఉక్కపోస్తాది దానికి,” అన్నాడు.

ఆ తర్వాత పండగ దాకా ఆయన ఆటో అన్నకి శిక్షణ ఇచ్చాడు. మీసం తియ్యడం దగ్గరే పెద్ద గొడవ. మీసం లేకపోతే రావికమతం ప్యాసింజర్లు తనని గుర్తుపట్టక ఎక్కరని అన్న వాదన. “అమ్మోరికి మీసముంటే నీ ఆటో ఎవడెక్కుతాడ్రా?” అని పెదనాన్నే దగ్గరుండి తీయించాడు. రోజూ సాయంత్రం అరుగు మీద నిలబెట్టి పాఠం చెప్పేవాడు. “దోమ కుట్టినా కదలకు. అమ్మోరికి దురదుండదు. నవ్వొస్తే కడుపులో నవ్వు. మీ అమ్మొచ్చి కాళ్ళమీద పడితే ఏడుపొస్తాది. అప్పుడు మాత్రం దూరంగా సూడు. ఎక్కడైనా సూడు, కిందకి సూడకు.” ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆయన దొడ్డమ్మ ఉన్న వైపు చూడలేదు. ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతోంది, చప్పుడు ఆగింది.

పండగ రోజు సాయంత్రం రంగులన్నీ ఆయనే పూశాడు, ఎర్రచీర ఆయనే కట్టాడు. బండి బయల్దేరాక ఏం చెయ్యాలో తోచక కాసేపు తొట్టి వెనకే నడిచి, మోకాలు నొప్పెట్టి ఇంటికొచ్చేశాడు. స్నానం చేసి తెల్లపంచె కట్టుకుని గుమ్మం ముందు మెట్టు మీద దొడ్డమ్మ పక్కన నిలబడ్డాడు. పండగపూట ఆ మెట్టు మీద ఆయన నిలబడటం అదే మొదటిసారి. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక దొడ్డమ్మ చేతిలో బిందె తను పట్టుకుంటానన్నాడు. “ఊఁ, సాల్లే,” అంది ఆవిడ.

చీకటి పడకముందే బండి పెదనాన్నగారింటి ముందు ఆగింది. దీపాలు వెలుగుతున్నాయి. పైన ఎర్రచీరలో, పసుపు మొహంతో, త్రిశూలం పట్టుకుని అమ్మవారు. దోమ కుట్టిందో లేదో గాని కదల్లేదు. దొడ్డమ్మ నీళ్ళు పోసింది, తల ఆనించింది. పెదనాన్న నోరు తెరిచి పైకి చూస్తూ ఉండిపోయాడు. ఏమైందో అని నేను దగ్గరికి వెళ్ళాను.

“గుంటా,” అన్నాడు నా భుజం పట్టుకుని, “అమ్మోరు ఇలగుంటాదేటే?”

“అవును పెదనాన్నా. ఎప్పుడూ ఇలాగే ఉంటాది.”

“నాకు తెల్దు గదే. ఇన్నేళ్ళూ పైన నిలబడిపోయి, ఒక్కేడు కూడా సూళ్ళేదు నాను.” ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. “ఎంత బాగుందే తల్లి!” అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బండి ముందుకి కదిలినా చేతులు దించలేదు.

మర్నాడు నేను అరుగు మీద కూర్చుని బోర్డు సర్దుతుంటే వచ్చి తొంగిచూశాడు. నారదుడున్నాడు, సింహముంది, అమ్మవారి గడిలో ఆటో అన్న ఉన్నాడు. “మరి నన్నెక్కడెట్టేవే?” అన్నాడు. వెతికితే ఎక్కడా లేడు. “సూసేవోళ్ళకి గడి నేదేటి?” అన్నాడు. లేదు. వేషం కట్టేవాళ్ళకీ, పూలకీ, దీపాలకీ, చివరికి ట్రాక్టరు డీజిలుకి కూడా గడి గీశాను గాని, ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో వాళ్ళకి గియ్యాలని నాకు తట్టలేదు. అప్పటికప్పుడు గీసి, అరుగు మీద తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్న ఆయన్ని ఫోటో తీసి అందులో పెట్టాను. ఆయనకి అదే మొదటి మామూలు ఫోటో. మధ్యాహ్నానికి టింగుమంది, ఆయన పక్కన దొడ్డమ్మ. సాయంత్రానికి వీధిలో సగం మంది తమంతట తామే వచ్చి ఆ గడిలో చేరిపోయారు. ప్రెసిడెంటు మావయ్య రెండుసార్లు చేరాడు.

ఆ యాప్ ఇప్పుడు లేదు. నేను విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ, ఇంతకంటే గొప్ప యాపులతో ఇంతకంటే పనికిమాలిన పటాలు గీస్తున్నాను. పోయినేడు పండగకి సెలవు దొరికి వెళ్ళాను. పెదనాన్న అందరికంటే ముందొచ్చి మెట్టు మీద చోటు పట్టుకుని కూర్చున్నాడు. ఏటా అంతేనట. మాటల్లో పాత బోర్డు సంగతి వస్తే, అంత గొప్పగా అందరికీ గళ్ళు గీసిన ఆ పిల్ల తన ఫోటో మాత్రం ఏ గడిలోనూ పెట్టుకోలేదని అప్పుడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయనకి అర్థమయిందో లేదో, దూరంగా డప్పులు వినబడుతున్న వైపు నుంచి చూపు తిప్పకుండానే మెట్టు మీద కాస్త పక్కకి జరిగి, “కూకో,” అన్నాడు.